చెవిలో పాటా? చెవిలో పువ్వా?

చెవి అనగానే మన ఆడవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది వినడం కాదు, పెట్టుకోవడం. దుద్దులు, కమ్మలు, జూకాలు, బుట్టలు, మాటీలు, చెంపస్వరాలు... వేలెడంత లేని చెవికి ఎన్ని నగలో చూడండి! ఇప్పుడు ఆ వరసలో ఇంకొకటి చేరింది. పొద్దున్నే పార్కుకి వెళ్తే పరుగెత్తే పిల్లల చెవుల్లో తెల్లగానో నల్లగానో చిక్కుడుగింజంత వస్తువు మెరుస్తూ ఉంటుంది. అదే ఇయర్‌ఫోను. ధర అడిగితే మాత్రం అది చిక్కుడుగింజ ధర కాదు, చిన్నపాటి దుద్దుల ధర.

మా మేనకోడలు ఈమధ్య పొద్దున్నే పరుగు మొదలుపెట్టింది. "అత్తా, పరుగుకి పదహారువేలవి కొనుక్కోనా, పదిహేను వందలవి చాలా?" అని అడిగింది. చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ జవాబు చెప్పాలంటే ఈ వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చెవి మీద పెరిగింది, మనదాకా ఎలా వచ్చింది అన్నీ తిరగేయాల్సి వచ్చింది. తిరగేస్తే ఆశ్చర్యం ఏమిటంటే, ఈ కథ నిండా ఆడవాళ్ళే!

మొదట ఈ పరికరాన్ని నెత్తిన పెట్టుకున్నది పాట వినడానికి కాదు, పొట్ట పోసుకోవడానికి. అమెరికాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు మొదలైన కొత్తలో తీగలు కలిపే పని కుర్రాళ్ళు చేసేవారు. వాళ్ళు ఫోన్ చేసినవాళ్ళతో పెంకెగా మాట్లాడటం, వేళాకోళాలాడటం చేస్తుంటే కంపెనీవాళ్ళు విసిగిపోయి, 1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని పనిలోకి తీసుకున్నారు. లోకంలో తొలి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆమేనంటారు. అదే రోజు కొద్ది గంటల తేడాతో ఆమె సోదరి స్టెల్లా కూడా చేరింది. ఆ తరవాత ఆ ఉద్యోగం ఆడవాళ్ళదే అయిపోయింది. 1880ల్లో ఆపరేటర్లకి ఇచ్చిన వినికిడి సాధనం ఒకటి భుజం మీద కూర్చునేదిట, నాలుగున్నర కిలోల బరువుతో! నిండు బిందె భుజాన పెట్టుకుని రోజంతా "హలో" అనడంలాంటిది. ఈనాడు ఒక్కో చెవిలో నాలుగు గ్రాములు పెట్టుకుని "కాస్త బరువుగా ఉంది" అని మొహం చిట్లించే పిల్లలకి ఆ తల్లులు గుర్తురావాలి.

అదే కాలంలో పారిస్‌లో మరో ముచ్చట జరిగింది. 1881లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆడే అనే ఇంజనీరు అక్కడి ఆపెరా నాటకశాలలో మైకులు పెట్టి, రెండు కిలోమీటర్ల అవతల ప్రదర్శనశాలకి పాట తెప్పించాడు. జనం రెండు గొట్టాలు రెండు చెవులకి ఆనించుకుని, గాయని కుడివైపునుంచి ఎడమవైపుకి నడిచిన సంగతి కూడా గుర్తుపట్టారు. 1895 నుంచి లండన్‌లోనూ ఇలాంటి ఏర్పాటు నడిచింది. అక్కడ వినే సాధనానికి గడ్డం కిందినుంచి పట్టుకునే కర్ర ఉండేది, డాక్టరుగారి స్టెతస్కోపు తలకిందులు చేసినట్టు. చందా కట్టగలిగిన ఇళ్ళలో దొరసానులు కుర్చీలో కూర్చుని, ఒక చేత్తో ఆ కర్ర పట్టుకుని నాటకం వినేవారు. ఖరీదైనది కొనుక్కుంటే గొప్ప అనే మాట ఈ వస్తువుతోపాటే పుట్టిందన్నమాట.

చెవిలో దూర్చుకునే రకం ఈనాటిది అనుకుంటాం కదా, అదీ కాదు. 1891లోనే ఎర్నెస్ట్ మెర్కాడియే అనే ఫ్రెంచి ఇంజనీరు 50 గ్రాములకి మించని జంట వినికిడి గొట్టాలకి పేటెంటు తీసుకున్నాడు. చెవి ఒరుసుకోకుండా వాటికి రబ్బరు తొడుగులు కూడా వేశాడు. ఇవాళ డబ్బాలో చిన్నవి, పెద్దవి అంటూ మూడు జతలు వచ్చే మెత్తని తొడుగుల ముత్తాత అదే. అయితే ఆ రోజుల్లో దానికి తగిన పాటా లేదు, దాన్ని పెట్టుకుని పరుగెత్తే మనిషీ లేడు.

ఇక మనకి బాగా నచ్చే ఘట్టం వంటింట్లో జరిగింది. అమెరికాలో యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయనకి ప్రార్థనామందిరంలో ఉపన్యాసాలు సరిగ్గా వినపడేవి కావుట. ఆ చిరాకులోంచి ఏదో చేయబోయి, రెండు చెవులకీ పట్టీతో బిగించే హెడ్‌ఫోను తయారుచేశాడు. 1910లో దాన్ని అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్ళు పరీక్షించి చూసి, ఇంకా కావాలని రాశారు. ఆయన "ఒక్కసారికి పదే ఇవ్వగలను" అన్నాడుట. ఎందుకంటే ఆయన ఫ్యాక్టరీ ఆయన వంటిల్లే! పేటెంటు తీసుకోవయ్యా అంటే, "ఇంత చిన్నదానికి పేటెంటేమిటి" అని ఊరుకున్నాడని కూడా చెబుతారు. పాపం, వాళ్ళావిడ ఆ రోజుల్లో రొట్టెలు ఎక్కడ కాల్చుకుందో చరిత్రకారులెవరూ రాయలేదు.

ఆ తరవాత చాలాకాలం హెడ్‌ఫోన్లు సైన్యానికీ, రేడియో వాళ్ళకీ పరిమితం. 1958లో మిల్వాకీ నగరంలో జాన్ కాస్ అనే వ్యాపారి మోసుకుపోగల గ్రామఫోను ఒకటి ప్రదర్శనకి పెట్టి, దానికి తోడుగా స్టీరియో హెడ్‌ఫోన్లు తగిలించాడు. జనం గ్రామఫోనుని వదిలేసి హెడ్‌ఫోన్ల కోసం ఎగబడ్డారు. పాటని నట్టింట్లోంచి నెత్తిమీదికి తెచ్చింది ఈయనే. కానీ అవి పెట్టుకుని పడకకుర్చీలో కూర్చోవలసిందే. పరుగు సంగతి దేవుడెరుగు, లేచి నిలబడితే తీగ లాగేసేది.

ఇంతకీ అప్పట్లో పరుగెత్తేవాళ్ళెవరు? ఆడవాళ్ళని పరుగెత్తనిచ్చేవారే కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్ల పందెం పెట్టారు. చివర్లో కొందరు అలిసి చతికిలబడితే పత్రికలవాళ్ళు గోరంతలు కొండంతలు చేసి రాశారు. "ఇది సుకుమారులకు తగదు" అని ఆ పందెం తీసేశారు. మళ్ళీ 1960 దాకా పెట్టలేదు! మగవాళ్ళు పరుగు చివర్లో చతికిలబడితే వీరుడంటారు, అది వేరే సంగతి. 1967లో కాథరిన్ స్విట్జర్ బోస్టన్ మారథాన్‌లో కె.వి. స్విట్జర్ అని పొడి అక్షరాలతో పేరు రాసి చేరితే, నిర్వాహకుడొకాయన దారిమధ్యలో పరుగెత్తుకొచ్చి ఆమె 261 నెంబరు చీటీ పీకెయ్యబోయాడు. ఆమె ఆగలేదు, పందెం పూర్తిచేసింది. 1972లో గానీ బోస్టన్ వాళ్ళు ఆడవాళ్ళని అధికారికంగా చేర్చుకోలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984లో వచ్చింది. జోన్ బెనాయిట్ ఆ 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించింది.

సరిగ్గా ఈ రెండు ఘట్టాల మధ్య, 1979 జులై 1న, జపాన్‌లో సోనీ వాక్‌మన్ బజారులోకి వచ్చింది. విమానప్రయాణాల్లో పాటలు వినాలని కంపెనీ పెద్ద ఇబుకాగారు కోరితే, జతగాడు మొరితాగారు పట్టుబట్టి చేయించాడు. రికార్డు చేయని టేపురికార్డరు ఎవరు కొంటారని కంపెనీలోనే నవ్వారు. ధర 33,000 యెన్‌లు. మొదట చేసిన 30,000 వాక్‌మన్లు ఆగస్టు ఆఖరుకల్లా చెల్లిపోయాయి. అందులో అసలు గొప్పదనం డబ్బాది కాదు, హెడ్‌ఫోనుది. అంతకుముందు 300, 400 గ్రాములు తూగేది ఒక్కసారిగా 50 గ్రాములకి దిగింది. పాట పట్టుకుని పరుగెత్తడం అప్పటికి గానీ మనిషికి సాధ్యపడలేదు.

ఇక్కడొక సంసారపక్షమైన సంగతి ఉంది. మొరితాగారు నమూనా ఇంటికి తెచ్చుకుని వింటూ కూర్చుంటే, వాళ్ళావిడకి కోపం వచ్చిందిట, తనని వెలివేసినట్టుందని. అందుకని మొదటి వాక్‌మన్‌కి రెండు హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఏర్పాటు చేశారు. ఒక నారింజరంగు మీట కూడా పెట్టారు. అది నొక్కితే పాట తగ్గి, ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. కొన్నవాళ్ళు మాత్రం ఎవరిది వాళ్ళే వినడం మొదలుపెట్టారు. తరవాతి రకాల్లో ఆ మీట ఎగిరిపోయింది. అలిగిన ఇల్లాలి మాట కొన్నాళ్ళకే మరుగునపడింది. కానీ ఆవిడ కోపంలో ఉన్న న్యాయం ఇవాళ ఏ ఇంట్లో చూసినా కనిపిస్తుంది. అన్నం తినరమ్మా అని నాలుగుసార్లు పిలిచిన తల్లి ఎవరైనా సాక్ష్యం చెబుతుంది.

తీగ ఎలా పోయిందో కూడా చెప్పుకోవాలి. అందులోనూ ఒక ఆడమనిషి తెలివి ఉంది. హాలీవుడ్ తార హెడీ లమార్, సంగీతకారుడు జార్జి ఆంథైల్ కలిసి 1942లో ఒక పేటెంటు తీసుకున్నారు. రేడియోతో నడిపే టార్పీడోని శత్రువు అడ్డుకోకుండా సంకేతాన్ని ఒక తరంగం మీదనుంచి మరో తరంగం మీదికి గెంతిస్తూ పోవడం అందులోని కిటుకు. 88 మెట్ల పియానో లాగా 88 తరంగాలు! నౌకాదళంవారు అప్పట్లో పట్టించుకోలేదు. ఆ పేటెంటునుంచే బ్లూటూత్ పుట్టిందంటే అతిశయోక్తి అవుతుంది గానీ, గెంతుకుంటూ పోయే ఉపాయం మాత్రం అదే. మామూలు బ్లూటూత్ 79 దారుల మధ్య సెకనుకి 1,600 సార్లు గెంతుతుంది. మన పిల్లలు రోడ్డుమీద పరుగెడుతుంటే చెవిలో పాట అంతకంటే వేగంగా తొక్కుడుబిళ్ళ ఆడుతుందన్నమాట. 2016 ఆఖర్లో ఆపిల్ వాళ్ళ ఎయిర్‌పాడ్స్ 159 డాలర్లకి వచ్చాక, తీగ లేనిదే నాగరికం అయిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. పరుగెత్తేటప్పుడు పాట పనికొస్తుందా? వస్తుంది. లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాజోర్గిస్ అనే ఆచార్యుడు దీనిమీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. ఓ మోస్తరు వేగంలో పాట అలుపుని తక్కువగా అనిపింపజేస్తుంది. అదే ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరుగెడితే పాట ఏమీ చెయ్యలేదు, అప్పుడు ఒళ్ళు చెప్పేదే వినపడుతుంది. రోకటిపాట, నాట్లపాట, తిరగలిపాట పాడుకున్న మన అమ్మమ్మలకి ఇది పరిశోధన చేయకుండానే తెలుసు. ఇథియోపియా వీరుడు హైలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో 2,000 మీటర్ల రికార్డు సాధించినప్పుడు, తన అడుగుకి సరిపోయే పాటని మైదానంలో పెద్దగా పెట్టించుకున్నాడు.

పాటవల్ల లాభం ఉందని ఒప్పుకున్నట్టుగానే పందెం పెద్దలు దాన్ని నిషేధించారు కూడా. అమెరికాలో 2007లో పందేల్లో ఇయర్‌ఫోన్లు వద్దన్నారు. జనం గగ్గోలు పెడితే 2008లో ఆ నియమాన్ని బహుమతుల కోసం పోటీపడేవాళ్ళకి పరిమితం చేశారు. 2009లో స్టీరియో హెడ్‌ఫోన్ల పుట్టినిల్లయిన ఆ మిల్వాకీలోనే మారథాన్ జరిగింది. ఆడవాళ్ళలో మొదట వచ్చినామె, స్నేహితురాలి చేతినుంచి నీళ్ళ సీసా అందుకుందని అనర్హురాలైంది. రెండో ఆమెని విజేతని చేశారు. తీరా చూస్తే ఆమె దారిలో కాసేపు ఐపాడ్‌లో పాటలు విందని ఫోటోలు బయటపడ్డాయి. చివరికి బహుమతి 500 డాలర్లూ మూడో ఆమెకి దక్కాయి! మన పిల్లలు సరదాకి పాల్గొనే పరుగుల్లోనైనా నియమాలు ముందే చదువుకోవడం మంచిది.

మరి ధర? పిండికొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. చీరల్లో, నెయ్యిలో అది చాలావరకు నిజం. ఇయర్‌ఫోన్ల దగ్గర ఆ సామెత తడబడుతుంది. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్లు తీసుకుని, అవి ఏ స్వరాన్ని ఎంత పలుకుతున్నాయో కొలిచి, ఆ కొలతల పక్కన ధరలు పెట్టి చూశాడు. రెండిటికీ పొంతన కుదరలేదు. ధర పెరిగితే నాదం బాగుపడుతుందనే నమ్మకానికి ఆ లెక్కల్లో ఆధారం దొరకలేదు. దుకాణంవాడు "మేడమ్, సౌండ్ క్వాలిటీయే వేరు" అన్నప్పుడు ఆ 283 గుర్తుంచుకోండి. కొన్నిసార్లు మన చెవిలో పెట్టేది పాట కాదు, పువ్వు.

అలాగని ఎక్కువ డబ్బు ఊరికే పోతుందనీ అనను. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ డబ్బుకి వచ్చేవి వేరే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది బయటి రొదని చంపే విద్య. దీని వెనక మనవాడే ఉన్నాడు. స్వాతంత్ర్యపోరాటంలో పాల్గొని అమెరికాకి తప్పించుకుపోయిన బెంగాలీ ననీగోపాల్ బోస్ కొడుకు అమర్ బోస్. 1978లో జూరిచ్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానం హోరులో పాట వినపడక, ఆ సీట్లోనే కూర్చుని లెక్కలు వేశాడు. హోరుకి సరిగ్గా తిరగేసిన ధ్వనిని పుట్టిస్తే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. 1986లో జీనా యేగర్, డిక్ రుటాన్ ఇద్దరూ ఎక్కడా ఆగకుండా తొమ్మిది రోజుల్లో భూమి చుట్టివచ్చిన విమానయాత్రలో ఆ నమూనాలే వాళ్ళ చెవులని కాపాడాయి. అద్భుతమైన సంగతే. కానీ అది విమానంలో కూర్చున్నవాళ్ళకి పుట్టిన విద్య. రోడ్డు మీద పరుగెత్తే పిల్లకి వెనక వచ్చే లారీ హారన్, పక్కసందులో కుక్క గుర్రుమనడం, దగ్గరపడుతున్న అడుగుల చప్పుడు వినపడి తీరాలి. వేలు పోసి కొన్న నిశ్శబ్దం ఆమె ప్రాణం మీదికి తేకూడదు. అందుకే ఖరీదైన వాటిలో బయటి శబ్దాన్ని లోపలికి రానిచ్చే ఏర్పాటు మళ్ళీ వేరేగా పెట్టారు. ముందు తలుపు మూసి, తరవాత కిటికీకి డబ్బు తీసుకోవడం!

ఇంకో సంగతి మీరే పరీక్షించవచ్చు. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని జంతిక నమలండి. తలలో రాళ్ళు దొర్లుతున్నట్టుంటుంది. చెవిరంధ్రం బిగుతుగా మూస్తే ఒంట్లోని చప్పుడు బయటికి పోలేక లోపలే మోగుతుంది. బిగుతైన ఇయర్‌ఫోనుతో పరుగెత్తితే ప్రతి అడుగూ అలాగే దబదబమంటుంది. అందుకే పరుగుకి చెవిని పూర్తిగా మూయని రకాలే హాయి. ఎముకద్వారా వినిపించేవీ ఉన్నాయి. కణత దగ్గర ఆనించుకుంటే చెవి తెరిచే ఉంటుంది. ఇదీ కొత్త మాట కాదు. హ్యూగో గెర్న్స్‌బాక్ 1920ల్లోనే అలాంటి సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. వీటిలో నాదం కాస్త పల్చగా ఉంటుంది, కానీ చెవి మూయని భద్రత ఉంటుంది.

ఇంటిఖర్చు రాసే చేత్తోనే ఈ లెక్క కూడా వేద్దాం. వారానికి మూడు రోజులు, మూడేళ్ళు పరుగెత్తితే 468 పరుగులు. పదహారువేలవి కొంటే పరుగుకి సుమారు 34 రూపాయలు. పదిహేను వందలవి ఏడాదికొకటి చొప్పున మూడు కొన్నా పరుగుకి 10 రూపాయలు దాటదు. పైగా వీటి లోపలి లిథియం బ్యాటరీ ఖరీదైనదైనా చవకదైనా మూడునాలుగు వందల ఛార్జింగులు దాటాక నీరసిస్తుంది, మార్చడానికి చాలావాటిలో వీలుండదు. దుద్దులైతే పదేళ్ళకి ధర పెరుగుతాయి, కూతురికి ఇచ్చుకోవచ్చు. వీటిని పాతవాళ్ళు కూడా తీసుకోరు.

కాబట్టి నా మట్టుకు చూడవలసినవి నాలుగు. ఒకటి, చెవిలో నిలవడం. ఆడవాళ్ళ చెవిరంధ్రం సగటున మగవాళ్ళకంటే చిన్నది, ఒకే మనిషికి కుడీ ఎడమా తేడా ఉండవచ్చు. చిన్న తొడుగు వేసుకుని, తల ఆడించి, పది గెంతులు గెంతి చూడండి. దుకాణంలోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. రెండు, చెమట. డబ్బామీద ఐపీఎక్స్ 4 అని ఉంటే తుంపరలకి తట్టుకుంటుందని అర్థం. అది చాలు. పరుగయ్యాక పొడిగుడ్డతో తుడిస్తే ఇంకో ఏడాది బతుకుతాయి. మూడు, బయటి చప్పుడు వినపడటం. నాలుగు, చూడకుండా నొక్కగల మీట. ఈ నాలుగూ రెండుమూడు వేల లోపు దొరుకుతున్నాయి. రోజంతా ఆఫీసులో, ప్రయాణాల్లో కూడా అవే వాడేవాళ్ళు పైన పెట్టే డబ్బుకి అర్థం ఉంది. అరగంట పరుగుకి లేదు.

ధర చీటీమీద లేని ఖరీదు ఇంకొకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. 100 అయితే 20 నిమిషాలే. రోడ్డు రొద పెరిగేకొద్దీ మన వేలు పాటని పెంచుతూనే పోతుంది, మనకి తెలియకుండానే. చెవి లోపలి సన్నని రోమకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. నలభై ఏళ్ళ తరవాత మనవరాలు చెవిలో గుసగుసగా చెప్పే రహస్యం కోసం వాటిని దాచుకోవాలి.

ఒకప్పుడు పరుగెత్తకూడదన్నారు, పరుగెత్తాం. పొద్దున్నే ఇంటిపనీ ఆఫీసుపనీ నెత్తినెక్కకముందు ఆ అరగంట మనది. అందులోకి పాటని పిలుద్దాం, తప్పులేదు. కాకపోతే అతిథిలా పిలవాలి. వీధి మాటకీ, మన ఊపిరి మాటకీ కాస్త చోటు మిగిలేలా.